మూడో రాజు

కవిత నోటికి తాళం లేదన్న సంగతి ఈ కథను మొదటి నుంచీ చదువుతున్నవారికి నేను చెప్పనక్కర్లేదు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

కోసిగిలో ఉండే నరసన్న, మద్దమ్మల కూతురు కవిత. రోజూ పొద్దున పాసింజరు బండెక్కి ఆదోనికి వచ్చి, బజారులో ఒక సేటు బట్టల అంగడిలో పనిచేస్తుంది. ఆదివారం మాత్రం ఆమె వేరే మనిషి. ఆ వారం చూసిందేదైనా సరే, సినిమా గానీ సీరియలు గానీ నాటకం గానీ, ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ఎదురుగా కూర్చుని, తనకు ఏమనిపించిందో ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఆ వీడియోలకు ‘కవిత చూసింది’ అని పేరు పెట్టుకుంది. ఆదోనిలో, ఎమ్మిగనూరులో, చుట్టుపక్కల పల్లెల్లో వాటిని చూసేవాళ్ళు చాలామందే తయారయ్యారు. మొన్నామధ్య వచ్చిన ఒక సినిమాలో హీరో ఊళ్ళో అడుగు పెట్టగానే వాన కురిస్తే, “మా కోసిగికి అట్లాంటి హీరోని ఒకణ్ణి పంపియ్యండప్పా, సార్జీలు మేమే పెట్టుకుంటాం” అని ఆమె అన్న మాట వారం రోజులు పాసింజరు బండిలో తిరిగింది.

అలాంటి పిల్లకు పెళ్ళి సంబంధం వచ్చింది. తెచ్చినవాడు మధ్యవర్తి కాశప్ప. కౌతాళం పక్క పల్లెలో ఓబన్న అనే రైతు కొడుకు, కాలువ కింద వరి పండిస్తాడు. “పిల్లోడు మా ఊరి నాటకంలో రాజు వేషం కడతాడు. వాడికి తెలీకుండా పోయి సూసి రాండి, నచ్చితేనే మాట్లాడుకుందాం” అన్నాడు కాశప్ప. ఆ పక్క పద్య నాటకాల్లో రాజు ఒక్కడే ఉండడు. తెల్లవార్లూ పద్యాలు పాడాలంటే ఒక్క గొంతు చాలదు కాబట్టి ఒకే వేషాన్ని ముగ్గురు పంచుకుంటారు. మొదట కొన్ని రంగాలు మొదటి రాజువి, తర్వాత రెండో రాజువి, చివరివి మూడో రాజువి. కిరీటమూ మీసమూ అవే ఉంటాయి, వాటి కిందున్న మనిషి మారిపోతుంటాడు. “మన పిల్లోడు రెండో రాజు. మర్సిపోవద్దండి” అని ఒకటికి రెండుసార్లు చెప్పి, కాశప్ప బెంగళూరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు.

కవిత ఎమ్మిగనూరు నుంచి మేనత్త కమలమ్మను తోడు తీసుకుని వెళ్ళి నాటకం చూసింది. రెండో రాజు పద్యం ఎత్తుకోగానే ఆమె మనసు అక్కడికక్కడే ఒప్పేసుకుంది. ఇంటికొచ్చి నాయనకు “సరే” అంది. అక్కడితో ఊరుకుంటే ఆమె కవిత ఎందుకవుతుంది? ఆదివారం నాటకం మీద కూడా వీడియో పెట్టింది. ఇంట్లోవాళ్ళకు అల్లుడి అసలు పేరు ఎప్పుడో మరుపున పడింది. లేస్తే రెండో రాజు, కూర్చుంటే రెండో రాజు.

ఇప్పుడు సోమవారం మధ్యాహ్నం. ఎండకు బజారంతా పలచబడింది. సేటు భోజనం చేసి కునుకు తీయడానికి ఇంటికి పోయాడు. అంగడిలో కవిత, ఆమె జతగత్తె నందిని తప్ప ఎవరూ లేరు. నందిని బల్ల కింద ఫోను పెట్టుకుని ఆ వీడియోనే మళ్ళీ వేసింది.

“మొదటి రాజు పెద్దాయన. బాగనే పాడినాడు, వంక పెట్టేదానికేమీ లేదు. రెండో రాజు వచ్చినాడు సూడండి, మా యత్త నోట్లో పెట్టుకోబోయిన వక్కాకు సేతిలోనే ఉండిపోయింది. జనం ఒన్స్ మోర్, ఒన్స్ మోర్ అని ఒకటే కేకలు. పాడినోడికి అలుపు లేదు, ఇన్నోళ్ళకు తనివి లేదు. ఇంక మూడో రాజు. ఏం సెప్పేదప్పా! కొడుకు సచ్చిపోయినాడని పాడే పద్యం. సగంలో ఆపి హార్మోనియం మాస్టరు మొగం సూసినాడు. సూసి ఊరుకున్నాడా, నవ్వినాడు! కొడుకు సచ్చిపోతే నవ్వే తండ్రిని నేను ఆడనే సూసినా. పద్యం రాకపోతే పోనీ, మనసన్నా పెట్టాల కదా మనిషి.”

“పాపం మే, ఆ మూడో రాజును శానా అన్నావు” అంది నందిని.

“ఉన్నదే అన్నా. లేనిది ఒక్క ముక్క అన్లేదు.”

ఆ మాట అంటుండగానే గడపలో చెప్పుల చప్పుడైంది. నందిని ఫోను ఆపేసింది.

వచ్చినవాడికి ఇరవై ఏడెనిమిదేళ్ళుంటాయి. పొలం ఎండకు రంగు తేలిన మనిషి. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు గానీ అది ఆయనకింకా అలవాటైనట్టు లేదు. రెండు మూడు సార్లు కాలరు సర్దుకున్నాడు. అంగడంతా ఒకసారి కలియజూసి నేరుగా కవిత ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఏం కావాల అన్నా?” అంది కవిత, అంగడికొచ్చే మగవాళ్ళందరినీ అడిగినట్టే.

ఆయన మొహం చిన్నబోయింది. “అన్నా అనొద్దండి.”

“ఇంకేమనాల? సార్ అంటే సేటు కూడా తిరిగి సూస్తాడు.”

“ఏమీ అనొద్దు. శాటిన్ గుడ్డ సూపించండి, సాలు.”

కవిత నిచ్చెనేసుకుని పై అరలోంచి శాటిన్ తానులు దించింది. ఎరుపు, పచ్చ, నెమలికంఠం రంగు. ఒక్కొక్కటీ బల్ల మీద పరిచింది. ఆయన గుడ్డ వంక చూడటం లేదు. ఏదో చెప్పాలని గొంతు సవరించుకుంటున్నాడు. ఇట్లాంటి బేరగాళ్ళను కవిత చాలామందిని చూసింది, గుడ్డ చూపించమని ఆడపిల్లల్ని చూసిపోయే రకం. ఆమె నాలుక చివర ఒక మాట సిద్ధంగా ఉంది. అది బయటపడేలోగా ఆయనే అన్నాడు.

“మీరు ఆ పోలీసు సినిమా గురించి సెప్పినారు కదా వీడియోలో. దాంట్లో ఒకటి ఇడిసిపెట్టినారు.”

కవిత నాలుక చివరి మాట అక్కడే ఆగింది. “ఏం ఇడిసిపెట్టినా?”

“విలను ఒకణ్ణి టీ తెమ్మని పంపిస్తాడు సూడండి, ఎర్ర టవలు కట్టుకున్నోణ్ణి. వాడు పోయినాడు. మళ్ళీ రాలేదు. సినిమా అయిపాయె, విలను సచ్చిపాయె, టీ తేను పోయినోడు ఏమైనట్టు?”

కవిత రెండు చేతులూ బల్ల మీద చరిచింది. “నేనూ అదే అనుకున్నా! ఎమ్మిగనూరులో మా యత్తతో సూస్తి ఆ సినిమా. వాడేడీ, వాడేడీ అని నేను అడుగుతాంటే మా యత్త నోర్మూసుకోమనింది. సెప్దామనే అనుకుంటి, వీడియో పొడుగైతాదని ఇడిసిపెడితి.”

“వాడు మంచోడే అనుకుంటా నేను. టీ అంగడి కాడ ఎవరో కొట్లాట సంగతి సెప్పింటారు. ఎందుకొచ్చిన గొడవలే అని బస్సెక్కి ఊరికి పోయింటాడు.”

“పెండ్లాం పిల్లలతో సుఖంగా ఉండాడంటారా?”

“ఉండాల కదా మరి. అంత పెద్ద సినిమాలో బుద్ధి ఉండేది వాడొక్కనికే.”

నందిని అవతల బల్ల దగ్గర నవ్వు ఆపుకోలేక బ్లౌజు ముక్కల వెనక తలదాచుకుంది. కవిత మాత్రం దాచుకోలేదు, పకపకా నవ్వింది. తాను చూసిందే ఇంకొకరు కూడా చూశారని తెలిస్తే ఆమెకు కలిగే సంతోషం అంతా ఇంతా కాదు. సినిమాకు పోయేవాళ్ళు వేలమంది. టీ తేవడానికి పోయినవాణ్ణి పట్టించుకునేవాళ్ళు ఎందరుంటారు చెప్పండి?

“సీరియలు గురించి మీరు సెప్పింది మా నాయనకు శానా నచ్చింది” అన్నాడాయన, కాస్త ధైర్యం వచ్చి. “సాయంత్రమైతే ఇద్దరం ఆ సీరియలు ముందరే కూర్సుంటాం. ఆ కోడలు నిజం దాసిపెట్టుకుని ఏడుస్తా తిరుగుతాంటే మా నాయన టీవీని తిడతాడు.”

“తిట్టకుండా ఎట్లుంటారు? నోరు తెర్సి ఒక్క మాట సెప్తే అయిపోయే కథ. ఆ ఒక్క మాట సెప్పనీకి మూడేండ్లు లాగినారు. సెప్తే ఏమైతాది? ఒకరోజు ఏడుస్తారు, రెండోరోజు అన్నం తింటారు.”

“అదే. ఆ మాటే మా నాయన ఊరంతా సెప్పుకుని తిరుగుతాండాడు.”

“మీ నాయన మంచోడు” అంటూ కవిత గుడ్డ దగ్గరికి వచ్చింది. “ఇంత శాటిన్ ఎందుకు మీకు? ఇంట్లో ఆడోళ్ళకా?”

“కాదు. రాజు వేషానికి. పాత అంగీ సినిగిపోయింది.”

కవిత చేయి గజంబద్ద మీదే ఆగిపోయింది. “ఏ ఊరు మీది?”

ఊరు పేరు చెప్పాడు. కౌతాళం పక్క పల్లె.

“మీ నాయన పేరు... ఓబన్ననా?”

“ఔను. నా పేరు బసవరాజు.”

ఇంక చూడండి కవితను. ఇందాకటి నుంచి గలగలా మాట్లాడిన పిల్లకు మాట పడిపోయింది. పైట సర్దుకుంది, సర్దిన పైటనే మళ్ళీ సర్దుకుంది. పరిచిన తానును చుట్టి, చుట్టినదాన్ని మళ్ళీ పరిచింది. పెళ్ళికొడుకు తనకు తానుగా, పెద్దవాళ్ళకు చెప్పకుండా, బట్టల బేరం నెపం పెట్టుకుని తనను చూడటానికి వచ్చాడు. వచ్చినవాడు టీ తేవడానికి పోయినవాణ్ణి గురించి మాట్లాడాడు. రంగుల కింద, మీసం కింద ఇలాంటి మొహం ఉందని ఆ రోజు ఆమెకు తెలియలేదు. ఇప్పుడు తెలిసి, లోలోపల చాలా హాయిగా అనిపించింది. నందిని మెడ సారించి చూస్తోంది. చూస్తే చూడనీ అనుకుంది కవిత.

“ముందే సెప్పొచ్చు కదా” అంది, తల ఎత్తకుండానే. “అన్నా అంటి.”

“అందుకే అనొద్దంటి.”

“ఆ పొద్దు మీరు పాడిన పద్యం...” కవిత గొంతు మెత్తబడింది. పొగడటం ఆమెకు తెగడటమంత సులువు కాదు. “అడివిలో రాజు ఒక్కడే నిలబడి పాడేది. నేను శానా నాటకాలు సూసినా. మా ఊరికొచ్చే పాటగాళ్ళను ఇన్నా. అట్ల పాడినోణ్ణి ఇన్లేదు. ఇంటికి పోయినాక కూడా అదే సెవుల్లో ఉండె. మా నాయనతో సరే అనింది కూడా, నిజం సెప్తే, ఆ పద్యం ఇనే.”

బసవరాజు శాటిన్ గుడ్డ అంచును వేళ్ళతో మడతపెడుతూ నిలబడ్డాడు. ఇక్కడ మీరొకటి గమనించాలి. ఆ మనిషి ఊరికే నవ్వి ఊరుకుంటే సరిపోయేది. “ఏదో నాకొచ్చినట్టు పాడినా” అంటే ఇంకా బాగుండేది. ఈ పిల్ల తనదైపోయేది, ఏ రాజు ఎవరో ఆరా తీసేవాళ్ళు ఎవరూ లేరు. నేనైతే నోరు మూసుకునే ఉండేవాణ్ణి.

“కవితా” అన్నాడు. మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. “నోరు తెర్సి ఒక్క మాట సెప్తే అయిపోయేదానికి ఏండ్లు లాగొద్దని మీరే సెప్పినారు. అందుకే సెప్తాండా. ఆ పాడినోణ్ణి నేను కాదు. నేను మూడో రాజును.”

నందిని చేతిలోని బ్లౌజు ముక్కల కట్ట దభీమని కింద పడింది.

కవిత ఆయన వంక చూసింది. ఎగాదిగా చూసింది. “మూడో రాజా? కాశప్ప సెప్పింది రెండో రాజని. మర్సిపోవద్దని మరీ మరీ సెప్పినాడు.”

“కాశప్ప అబద్ధం సెప్పలేదు. మా హార్మోనియం మాస్టరు రామకృష్ణ నాకిచ్చింది రెండో రాజు వేషమే. ఆ పొద్దే మాకు కాలువ నీళ్ళ వంతు వచ్చింది. వంతు తప్పితే మళ్ళీ ఎప్పుడొస్తాదో తెలీదు. పైరు ఎండిపోతాది. మా నాయన నాటకం కాడ ముందర కుర్సీలో కూర్సోనుంటే, మడిలో నీళ్ళు కట్టేవాళ్ళు ఎవురూ లేరు. నీళ్ళు పారించి వచ్చేసరికి రామకృష్ణ మాస్టరు వేషాలు మార్సేసినాడు. నా బదులు మధుసూదన్ పోయినాడు. ఎమ్మిగనూరులో ఫోన్ల అంగడి పెట్టుకునుండాడే, వాడు. వానికి అందరి పద్యాలూ వచ్చు. వాని మూడో రాజు వేషం నాకు పడింది.”

“మైకులో సెప్పలేదే?”

“మైకులో బహుమానాలిచ్చినోళ్ళ పేర్లు సదువుతాండ్రి. అవి ఆపితే ఊర్లో కొట్లాట. ఆ సందట్లో ఎవురూ సెప్పలేదు.”

కవితకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. కాలువ మీద కోపగించుకోలేదు, మైకు మీద కోపగించుకోలేదు. చివరికి ఎదురుగా ఉన్నవాడే దొరికాడు. “అయితే ఇప్పుడెందుకు వచ్చినారు? అట్ల తిడితినే అని అడిగేదానికా? నేను సూసిందే సెప్పినా. మీరని తెలిసినా అదే సెప్పుంటి.”

“తెలుసు. నేను దానికి రాలేదు” అన్నాడు బసవరాజు. “పద్యం బాగలేదంటిరి. నిజమే. మధుసూదన్ పద్యాలు నాకు సగమే వచ్చు, అందుకే ఆపి మాస్టరు మొగం సూస్తి. నవ్వినా అంటిరి. అదీ నిజమే. ఎందుకు నవ్వినానో సెప్పమంటారా?”

“సెప్పండి” అంది నందిని అవతల నుంచి. ఆమెను ఎవరూ అడగలేదు.

“నా పక్కన సింహాసనంలో రాణి. మా ఊరి ఉచ్చీరప్ప కడతాడు ఆ వేషం. కొడుకు సచ్చిపోయినాడని నేను పాడతాంటే రాణి గురక పెడతాండాది. మైకులోకి ఇనపడితే కొంప మునుగుతాదని మెల్లగా కాలు తొక్కితి. ఉలిక్కిపడి లేసి, ‘బస్సొచ్చిందా?’ అనె.”

కవిత పెదవి బిగబట్టింది. ఎంతసేపు బిగబడుతుంది? నందిని అప్పటికే నేల మీద కూర్చుని కడుపు పట్టుకుంది. కవిత కూడా మొహం తిప్పుకుని, గోడకున్న చీరల వైపు తిరిగి, భుజాలు కదిలేలా నవ్వింది. కోపంగా ఉండాలని ఆమె చాలా ప్రయత్నించింది, ఆ సంగతి నేను సాక్ష్యం చెప్పగలను.

“నవ్వండి, నవ్వండి” అన్నాడు బసవరాజు. ఆయన మాత్రం నవ్వలేదు. “ఒక్కటే నాకు తగిలింది. మనసు పెట్టలేదంటిరి సూడండి, అది. ఆ మాట సెప్పిపోదామని వచ్చినా.”

కవిత ఇటు తిరిగింది.

“మా ఊర్లో వేషం ఇంటిది. నేను పుట్టక ముందు నుంచీ రాజు వేషం మా నాయన కడతాండె. ఇప్పుడు గొంతు పోయింది, మాట కూడా గుసగుసగానే వస్తాది. వేషం నాకిచ్చినారు. నాకు పాట రాదు, ఆ సంగతి నాకూ తెలుసు, ఊరికీ తెలుసు. నేను కట్టనంటే అది ఇంకో ఇంటికి పోతాది. నేను పాడుతాంటే మా నాయన ముందర కూర్సోని ప్రతి పద్యమూ నాతో పాటు పెదాలు కదిలిస్తా ఉంటాడు. ఆ పొద్దు నీళ్ళు కట్టిన కాళ్ళతో పరిగెత్తి వచ్చినా. బురద కడుక్కోనీకి కూడా టైము లేదు, రాజు కాళ్ళకు బురదతోనే రంగంలోకి పోతి. మీరు యెనక కూర్సోనుంటారు, కనపడిండదు.”

“యెనకే కూర్సున్నాం” అంది కవిత, నెమ్మదిగా. “అత్తకు మోకాళ్ళ నొప్పి. గోడకు ఆనుకునేదానికి యెనక కూర్సుంటిమి.”

కవిత బల్ల మీది గజంబద్దను ఇటు నుంచి అటు జరిపింది. నందిని మాత్రం ఊరుకోలేదు.

“ఆ పద్యం ఇప్పుడు పాడు అన్నా. రాణి లేదు కదా, నిద్రపోయేదానికి.”

బసవరాజు ససేమిరా అన్నాడు. నందిని వదల్లేదు. కవిత కూడా వద్దనలేదు. చివరికి ఆయన బల్ల అంచు పట్టుకుని, కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాడు. ఈసారి పద్యం ఆగలేదు. మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. రాగం మాత్రం మొదటి పాదంలో ఒక దారిన పోయి, రెండో పాదంలో దారి తప్పి, మూడో పాదంలో ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు. పక్క స్టీలు సామాన్ల అంగడి ముసలాయన ఏమైందోనని గడప దాకా వచ్చి తొంగిచూసి పోయాడు. అయినా కొడుకు పేరు వచ్చిన చోట ఆయన గొంతు నిజంగానే వణికింది. మూసిన కళ్ళ కింద తడి తేలింది.

పాడటం అయిపోయాక కళ్ళు తెరిచి కవిత వంక చూశాడు.

“బాగలేదు” అంది కవిత.

నందిని “అయ్యో మే!” అని నోటి మీద చెయ్యేసుకుంది.

“పద్యం బాగలేదు. రాగం అసలే లేదు. ఆ మాట నేను మార్సను” అంది కవిత. “మనసు పెట్టలేదనింది మాత్రం నాదే తప్పు. పెట్టినారు. వచ్చే ఆదివారం వీడియోలో సెప్తా, ఆ ఒక్కటి నేను సరిగా సూల్లేదని.”

అప్పుడు నవ్వాడు బసవరాజు. వచ్చినప్పటి నుంచి మొదటిసారి భుజాలు దించుకుని, హాయిగా నవ్వాడు. “హమ్మయ్య. మీరు బాగుందని అనింటే నేను ఈ గుడ్డ ఈడనే పెట్టి పోయేవాణ్ణి. నా మొగం సూసి అబద్ధం సెప్పినారని దిగులు పెట్టుకునేవాణ్ణి.”

“నేను అబద్ధం సెప్పను.”

“తెలుసు. అందుకే మీ వీడియోలు సూస్తాం మా నాయనా నేనూ.” ఆయన గొంతు తగ్గించాడు. “మీరు సరే అన్నారని కాశప్ప ఫోను సేసి సెప్పినాడు, కానీ మీరు సరే అనింది వేరే మనిషికి. తెలీకుండా పీటల మీద కూర్సోని, తాళి కట్టినాక తెలిసిందంటే మీకెట్లుంటాదో అని నిన్న వీడియో సూసినప్పటి నుంచి అన్నం దిగలేదు నాకు. ఇప్పుడు తెలిసింది. మీ ఇష్టం. కాదంటే మేమేమీ అనుకోం. కాశప్పకు నేనే ఏదో ఒకటి సెప్పుకుంటా.”

కవిత బల్ల మీద పరిచి ఉన్న మూడు రంగులనూ చూసింది. ఎరుపును పక్కకు తోసేసింది. నెమలికంఠం రంగును పక్కకు తోసేసింది. పచ్చ శాటిన్‌ను ముందుకు లాక్కుని, కొలిచి, కత్తిరించి, నిదానంగా మడత పెట్టసాగింది.

“కాశప్పకు మీరేమీ సెప్పొద్దు. ఈ సాయంత్రం మా నాయనతో నేనే సెప్తా.”

“ఏమని?”

“పాట వచ్చేవాడు వద్దు” అంది కవిత, మడత మీద నుంచి చూపు ఎత్తకుండా. “మాట వచ్చేవాడు సాలు. మూడో రాజే కావాలని సెప్తా.”

బసవరాజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ కాలరు సర్దుకున్నాడు. నందిని బల్ల మీదికి వంగి మరీ చూస్తోంది. కవితకు సంతోషంగా ఉంది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. వీడియోలో వేలమందికి నచ్చిందీ నచ్చనిదీ చెప్పే పిల్ల, జీవితంలో మొదటిసారి ఒక్క మనిషి ముందు నిలబడి నచ్చిందని చెప్పింది.

అప్పుడే నందిని పక్కనున్న కవిత ఫోను మోగింది. కవిత గుడ్డను పొట్లం కడుతోంది. నందినే స్పీకరు పెట్టింది. నరసన్న గొంతు అంగడంతా వినిపించింది.

“అమ్మా కవితా! యాడుండావు? బండి దొరికితే బిరీన వచ్చేయి.”

“ఏమైంది నాయనా?”

“ఏమైతాది, అంతా మంచే! రెండో రాజు వాళ్ళు వచ్చినారు.”

కవిత చేయి ఆగింది. ఎదురుగా నిలబడ్డ బసవరాజు వంక చూసింది. “ఎవురు వచ్చినారు?”

“పిల్లోడూ, వాళ్ళమ్మా. నీ వీడియో సూసినారంట. ఇంత మెచ్చుకున్న పిల్లను ఇంకా కాసుకోని కూర్సునేదేందని, కాశప్ప బెంగళూరు నుంచి వచ్చేదాకా కూడా ఆగకుండా వాళ్ళే వచ్చినారు. ఎమ్మిగనూరులో ఫోన్ల అంగడి కూడా ఉండాదంటమ్మా! కాశప్ప వరి మడి అనే సెప్పె గానీ ఈ సంగతి సెప్పనే లేదు సూడు. మనకు మేలే కదా.”

“మధుసూదన్” అన్నాడు బసవరాజు, పైకి వినిపించీ వినిపించనట్టు.

“నాయనా, ఒక్క నిమిషం ఇను. ఆ పిల్లోడి పేరేంది?”

“పేరుతో ఏం పని? నీవే సెప్పినావు కదా రెండో రాజని. ఈడ మన నట్టింట్లో ఒక పద్యం పాడినాడమ్మా, మీ అమ్మ కండ్ల నీళ్ళు పెట్టుకునింది. వీధిలో జనమంతా వాకిట్లో నిలబడినారు.”

“నాయనా, తొందరపడొద్దు. నేను వచ్చినాక...”

“ఇంకేం తొందర తల్లీ, తాంబూలాలు తీసుకునేస్తిమి. అందరి ముందరా మాట ఇచ్చేస్తి. ఇంగో, ఆకూ వక్కా నా సేతిలోనే ఉండాయి. ఉండు, పిల్లోడు పక్కనే ఉండాడు, ఫోను ఇస్తాండా.”

“నాయనా, నేను ఒప్పుకునింది...”

ఆ మాట పూర్తయ్యేలోపలే కోసిగిలో ఫోను చేతులు మారింది. ఆదోని అంగడిలో బల్లకు ఇటు కవిత, అటు బసవరాజు, మధ్యలో పచ్చ శాటిన్ పొట్లం. స్పీకరులోంచి తేటగా, తీయగా ఒక గొంతు పలికింది.

“హలో, కవిత గారా? నేనండీ, మీ రెండో రాజును.”